మందుల కౌంటర్ దగ్గర ఒక్క నిమిషం: ఆరోగ్యం గురించి మాట కలపడం ఎలా

బీపీ ఉన్న మనిషి డాక్టర్ దగ్గరికి మూడు నెలలకో ఆరు నెలలకో ఒకసారి వెళ్తాడు. మందుల షాపుకి మాత్రం నెలనెలా వస్తాడు. దగ్గు మందుకీ, పిల్లాడి విరేచనాల ప్యాకెట్టుకీ, మోకాళ్ళ నొప్పి బిళ్ళకీ అయితే డాక్టర్ ఊసే లేకుండా నేరుగా మన దగ్గరికే వస్తారు. ఫీజు లేదు, టోకెన్ లేదు, పైగా మనం తెలిసినవాళ్ళం. చీటీ చూసి, స్ట్రిప్పు కత్తిరించి, కవర్లో వేసి డబ్బులు తీసుకునేలోపు ఒక్క నిమిషం సరిగ్గా మాట్లాడితే ఆ మనిషికి జరిగే మేలు చాలా పెద్దది.

ఇది మన బాధ్యత కూడా. మందు ఎలా వాడాలో రోగికి వివరించడం రిజిస్టర్డ్ ఫార్మసిస్టు పనేనని 2015లో వచ్చిన ఫార్మసీ ప్రాక్టీస్ రెగ్యులేషన్స్ చెబుతున్నాయి. ఇంగ్లండ్‌లో 2021 నుంచి ప్రతి మందుల షాపూ ‘హెల్తీ లివింగ్ ఫార్మసీ’గా ఉండాలన్న నియమం పెట్టారు. వచ్చినవాళ్ళతో ఆరోగ్యం గురించి మాట కలపడం అక్కడ ఉద్యోగంలో భాగం. మన దగ్గర అంత ఏర్పాటు లేదు. కానీ మొదలుపెట్టడానికి ఎవరి ఆర్డరూ అక్కర్లేదు. మీరు, మీ కౌంటర్, ఒక బీపీ మిషను, ఒక నోటు పుస్తకం ఉంటే చాలు.

1. ఎప్పుడు, ఎక్కడ అన్నది ముందు చూసుకోండి

సాయంత్రం క్లినిక్కులు తెరిచాక ఆరు నుంచి తొమ్మిది దాకా ఊపిరాడదు. ఆ రద్దీలో అందరితో మాట్లాడాలని పెట్టుకుంటే రెండ్రోజుల్లో విసుగొచ్చి మానేస్తారు. అందుకని పొద్దున పదకొండు దాటాకా, మధ్యాహ్నం కాస్త ఖాళీగా ఉన్నప్పుడూ వచ్చేవాళ్ళతో మొదలుపెట్టండి. రోజుకి ఐదుగురితో బాగా మాట్లాడినా నెల తిరిగేసరికి మీ వీధి మీద ప్రభావం కనిపిస్తుంది.

కౌంటర్ ఒక చివర ఒక కుర్చీ వేయండి. షాపు ఎంత ఇరుకైనా కుర్చీకి చోటు దొరుకుతుంది. నిలబడ్డ మనిషి చూపు బండి మీద ఉంటుంది, కూర్చున్న మనిషి మన మాట వింటాడు.

2. చేతిలో ఉన్న మందుతోనే మాట మొదలుపెట్టండి

“రోజూ వ్యాయామం చేయండి, కూరగాయలు తినండి” అని ఎవరికి చెప్పినా ఒకటే. వినీ వినీ చెవులు పడిపోయిన మాటలవి. మనిషి కొనడానికి వచ్చిన మందుకి అతుక్కునే మాట అయితే ఆగి వింటారు.

థైరాయిడ్ బిళ్ళ కొంటున్నావిడని “పొద్దున కాఫీకి ఎంతసేపటి ముందు వేసుకుంటున్నారమ్మా?” అని అడగండి. చాలామంది బిళ్ళ వేసుకున్న చేత్తోనే కాఫీ గ్లాసు పట్టుకుంటారు. పరగడుపున నీళ్ళతో వేసుకుని కనీసం అరగంట, కుదిరితే గంట ఆగాలి. ఐరన్, కాల్షియం బిళ్ళలకీ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. ఆ ఎడం లేక, డోసు పెంచుకుంటూ పోతున్నవాళ్ళు మన చుట్టూ ఉన్నారు.

ఐరన్ బిళ్ళ కొంటే టీ సంగతి అడగండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఉచితంగా ఇచ్చిన బిళ్ళలు కూడా మలం నల్లగా వస్తోందని భయపడి మానేసేవాళ్ళు చాలామంది. “నల్లగా రావడం మామూలేనమ్మా, భయం లేదు. టీతో కాకుండా నిమ్మకాయ నీళ్ళతో వేసుకోండి” అన్న రెండు వాక్యాలు వాళ్ళకి చాలు.

షుగర్ బిళ్ళలు తీసుకునేవాళ్ళని ఉపవాసాల గురించి అడగండి. శనివారం ఒక్కపూట, కార్తీక సోమవారాలు, రంజాన్ నెల – మన ఇళ్ళల్లో తిండి మానే రోజులు తక్కువేం కాదు. గ్లిమెపిరైడ్ లాంటి బిళ్ళ వేసుకుని తినకుండా ఉంటే షుగర్ పడిపోతుంది. ఉపవాసం మానెయ్యమని మీరు చెప్పకండి, వినరు. “ఆ రోజు బిళ్ళ ఎలా వేసుకోవాలో డాక్టర్ గారిని ముందే ఒక మాట అడగండి. చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్ళు తిరిగితే మాత్రం వ్రతం సంగతి పక్కన పెట్టి మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలుపుకుని తాగెయ్యండి” అని చెప్పండి. పావుగంటలో తేలిక పడకపోతే మళ్ళీ అంతే తాగాలి. తేరుకున్నాక ఏదైనా తినాలి.

3. ముందు అడగండి, తర్వాత చెప్పండి

నా ఉద్దేశంలో ఈ పనంతటిలో ముఖ్యమైనది ఇదే. మనకి తెలిసింది చెప్పెయ్యాలన్న తొందర మనందరికీ ఉంటుంది. మనిషి ఎందుకలా చేస్తున్నాడో తెలియకుండా చెప్పిన సలహా కౌంటర్ దాటదు.

ఉదాహరణకి, ముప్పై రోజులకి బిళ్ళలు తీసుకెళ్ళిన పెద్దాయన నలభై ఐదో రోజున వచ్చారనుకోండి. “బిళ్ళలు మానేశారా? స్ట్రోక్ వస్తే ఎవరు చూస్తారు?” అంటే ఆయన అబద్ధం చెప్తారు, లేకపోతే వచ్చే నెల ఇంకో షాపుకి వెళ్తారు. ఇలా అడిగి చూడండి:

“బాబాయ్ గారూ, ఈసారి కాస్త ఆలస్యంగా వచ్చారు. ఊళ్ళో లేరా?”

“ఉన్నాను బాబూ. మొన్న చూపిస్తే బీపీ నార్మల్ ఉందన్నారు. ఇంకెందుకులే అని ఆపాను. కాళ్ళు తిమ్మిరెక్కుతుంటే మళ్ళీ వచ్చాను.”

“చాలామంది అలాగే అనుకుంటారు. నాకు తెలిసింది ఒక మాట చెప్పమంటారా?”

“చెప్పు.”

“ఆ నార్మల్ వచ్చింది బిళ్ళ పనిచేయబట్టే. ఆపితే బీపీ మళ్ళీ పెరుగుతుంది. పెరిగినా ఒంట్లో తెలియదు, అదే దీంతో చిక్కు. మానాలనిపించినప్పుడు డాక్టర్ గారిని అడిగి మానండి. రోజూ మర్చిపోకుండా వేసుకోవడంలో ఇబ్బందేమైనా ఉందా?”

“పొద్దున పొలం పోయే హడావుడిలో మర్చిపోతుంటాను.”

“టీ తాగకుండా మాత్రం వెళ్ళరుగా?”

“దాన్నెలా మానతాను!”

“అయితే స్ట్రిప్పు టీపొడి డబ్బా పక్కన పెట్టించండి. వచ్చే నెల ఎలా ఉందో చెప్పండి.”

నిమిషం కూడా పట్టలేదు. తప్పు పట్టే మాట లేదు, భయపెట్టే మాట లేదు. “చెప్పమంటారా?” అని అనుమతి అడిగాం. కారణం ఆయన నోటే వచ్చింది, మార్గం ఆయన ఇంట్లోనే దొరికింది. ఆయన చెప్పిన తిమ్మిర్లని కూడా వదిలెయ్యకండి. ఈమధ్య షుగర్ పరీక్ష చేయించుకున్నారా అని ఆ చివరే అడిగి పంపండి.

కారణం అన్నిసార్లూ మరుపే కాదు. డబ్బు అయితే మొహమాటం కొద్దీ చెప్పరు. “నెలకి ఇంత ఖర్చు కష్టంగా ఉందా?” అని మెల్లగా మీరే అడగండి. బీపీ, షుగర్ బిళ్ళలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇస్తారు, హైదరాబాద్‌లో అయితే బస్తీ దవాఖానాలు ఉన్నాయి, జనఔషధి కేంద్రంలో అదే మందు తక్కువకి దొరుకుతుంది అన్న సంగతి చెప్పండి. మన బేరం పోతుందనే ఆలోచన వస్తుంది. మందు మానేసి పక్షవాతంతో మంచాన పడ్డ మనిషి కూడా మన దగ్గర కొనడు కదా.

4. ఒక్కటే చెప్పండి

ఉప్పు, నూనె, నడక, నిద్ర, టెన్షన్ అన్నీ ఒకేసారి చెప్తే ఏదీ గుర్తుండదు. ఈ నెలకి ఒకటి. ఆ ఒక్కటి కూడా ఆ ఇంటి వంటగదిలో జరిగే పని అయ్యుండాలి. పెద్దవాళ్ళకి ఉప్పు రోజుకి 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాడు, దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. మన ఇళ్ళల్లో దాన్ని చెంచాతో కొలిచేవాళ్ళు లేరు. మన ఉప్పు కూరలోనే ఉండదు. ఆవకాయలో, అప్పడంలో, ఊరమిరపకాయలో, ఎండుచేపలో, పెరుగన్నంలో కలుపుకునే చిటికెడులో ఉంటుంది. “వీటిలో మీకు ఏది వదులుకోవడం తేలిక?” అని అడిగితే వాళ్ళే తేల్చుకుంటారు. ఆవకాయ మానెయ్యమని మాత్రం మొదటి నెలే అనకండి.

చెప్పాక అర్థమైందా అని అడగొద్దు. అందరూ ఊఁ అనే అంటారు. “ఇంటికెళ్ళాక అమ్మగారికి ఎలా చెప్తారో నాకొకసారి చెప్పండి, నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకుంటాను” అనండి. తడబాటు ఉంటే అక్కడే సరిచేయొచ్చు, ఎదుటివాళ్ళకి చిన్నతనమూ అనిపించదు.

5. చేసి చూపించండి

కొన్ని మాటలతో అయ్యేవి కావు. పొడి మందు పీల్చే మిషనుతో ఇచ్చే క్యాప్సూల్‌ని నీళ్ళతో మింగేసేవాళ్ళు ఉన్నారు, నమ్మండి. ఆస్తమా తగ్గట్లేదని వస్తే డోసు గురించి ఆలోచించే ముందు “ఒకసారి ఎలా పీలుస్తారో చూపించండి” అని అడగండి. మామూలు స్ప్రే ఇన్‌హేలర్ అయితే ముందు బాగా ఊపి, ఊపిరి పూర్తిగా వదిలి, పెదాలు బిగించి, నెమ్మదిగా పీల్చడం మొదలుపెడుతూ నొక్కాలి. పీల్చాక పది అంకెలు లెక్కపెట్టేదాకా ఊపిరి బిగబట్టాలి. పొడి మందు అయితే నెమ్మదిగా కాదు, గట్టిగా, వేగంగా పీల్చాలి. ఈ రెండింటికీ తేడా తెలియక మందంతా నాలుక మీదే ఉండిపోతుంది. స్టిరాయిడ్ ఉన్నదైతే పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మమనండి.

బీపీ చూడటం కూడా అంతే. ఎండలో నడిచొచ్చిన మనిషికి వెంటనే పట్టీ చుట్టి 160 వచ్చిందంటే అది ఆయన బీపీ కాదు. అరగంట లోపు టీ, కాఫీ, బీడీ లేకుండా, ఐదు నిమిషాలు కుర్చీకి ఆనుకుని, పాదాలు నేల మీద ఆనించి, చెయ్యి గుండె ఎత్తున బల్ల మీద పెట్టి, మాట్లాడకుండా కూర్చున్నాక చూడాలి. నిమిషం ఆగి రెండోసారి చూడండి. రెండూ 140/90 దాటితే తేదీతో సహా కాగితం మీద రాసిచ్చి డాక్టర్‌కి చూపించమనండి. జబ్బు ఉందని మీరు తేల్చి చెప్పొద్దు.

విరేచనాల పొడి (ఓఆర్ఎస్) అమ్మినప్పుడు ప్యాకెట్ తిప్పి చూపించండి. 20.5 గ్రాముల ప్యాకెట్ అయితే మొత్తం ఒకేసారి ఒక లీటరు నీళ్ళలో కలపాలి. గ్లాసుకి చెంచాడు చొప్పున కలిపితే ఉప్పు లెక్క తప్పుతుంది. కలిపింది ఒక రోజు దాటితే పారబోయాలి. డాక్టర్ రాసిన జింక్, విరేచనాలు ఆగినా 14 రోజులు వేయాలి. డబ్బాల్లో వచ్చే తియ్యటి పానీయాలు ఈ పొడికి బదులు కావు. అసలు ఫార్ములా కాని పానీయాల మీద ‘ఓఆర్ఎస్’ అన్న మాటే వాడకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2025 అక్టోబరులో ఆదేశించింది. దీని వెనక హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి చేసిన పోరాటం ఉంది. పాత అలవాటుతో ఆ డబ్బా అడిగే తల్లికి ఈ సంగతి చెప్పాల్సింది మనమే.

6. పొగాకు గురించి అరనిమిషం

సిగరెట్లు తాగేవాడికి దాని నష్టం మనకంటే బాగా తెలుసు. అందుకని క్యాన్సర్ బొమ్మల గురించి మాట్లాడకండి. మూడే మాటలు. “ఇంకా తాగుతున్నారా?” “మానాలనుకుంటే ఒక్కరే కష్టపడటం కంటే, సాయం తీసుకుని మానితే మానడం తేలిక.” “కావాలంటే ఆ సాయం ఇప్పుడే చెప్తాను.” ఇప్పుడు వద్దంటే “సరే అన్నా, ఎప్పుడనిపిస్తే అప్పుడు అడుగు” అని వదిలెయ్యండి. ఆ తలుపు తెరిచి ఉందని తెలిస్తే మూడో నెలలోనో నాలుగో నెలలోనో అతనే అడుగుతాడు.

సరే అంటే 1800-11-2356 నంబరు రాసివ్వండి. పొగాకు మానేవాళ్ళ కోసం ప్రభుత్వం నడుపుతున్న ఉచిత ఫోన్ సేవ ఇది. నికోటిన్ గమ్ తీసుకుంటే నమిలే పద్ధతి చెప్పకుండా ఇవ్వకండి. బబుల్‌గమ్ లాగా నమిలితే వెక్కిళ్ళు, కడుపులో మంట వచ్చి రెండో రోజే పారేస్తారు. నెమ్మదిగా నమిలి, నోట్లో చురుక్కుమన్నప్పుడు ఆపి, బుగ్గకీ చిగురుకీ మధ్య పెట్టుకోవాలి. చురుకు తగ్గాక మళ్ళీ నమలాలి. ఇలా అరగంట. గమ్ వేసుకునే ముందు పావుగంట కాఫీ, కూల్ డ్రింక్ వద్దు. గుండె జబ్బు ఉన్నవాళ్ళని, గర్భిణుల్ని ముందు డాక్టర్ని అడగమనండి.

మగవాళ్ళని మాత్రమే అడిగి ఊరుకోకండి. శ్రీకాకుళం, విశాఖ వైపు పెద్దవయసు ఆడవాళ్ళలో చుట్ట వెలిగించిన కొసని నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ అలవాటు ఉంది. అంగిలి క్యాన్సర్‌కి దారితీసే అలవాటది. నోట్లో పుండుకి జెల్ అడిగిన పిన్నిగారిని “ఎన్నాళ్ళైంది?” అని తప్పకుండా అడగండి. రెండు వారాలు దాటిన పుండుకి కావలసింది జెల్ కాదు, డాక్టర్ చూపు. గుట్కా, ఖైనీ వాడే కుర్రాళ్ళకీ ఇదే ప్రశ్న.

7. అమ్మకం తగ్గినా చెప్పాల్సిన మాటలు

నొప్పి బిళ్ళల గురించి నాకు చాలా బెంగ. కూలి పనికి వెళ్ళేవాళ్ళు రోజూ సాయంత్రం రెండు డైక్లోఫెనాకో, ఎసిక్లోఫెనాకో వేసుకుంటే తప్ప మర్నాడు లేవలేని స్థితిలో ఉంటారు. వాళ్ళలో చాలామంది టెల్మిసార్టన్ లాంటి బీపీ బిళ్ళ మీద ఉంటారు. దానికి తోడు నీరు తీసే బిళ్ళ, పైన నొప్పి బిళ్ళ, ఎండకి ఒంట్లో నీళ్ళు లేకపోవడం – ఈ నాలుగూ కలిస్తే కిడ్నీ ఉన్నట్టుండి దెబ్బతినొచ్చు. ఉద్దానం లాంటి చోట, అసలు కారణం ఇంకా తేలకుండానే ఇంటింటా కిడ్నీ జబ్బు ఉన్న ఊళ్ళల్లో, ఈ బిళ్ళని అడిగినన్ని ఇచ్చెయ్యడం ఎంతమాత్రం సరికాదు. “ఎన్నాళ్ళ నుంచి వాడుతున్నారు? బీపీ, షుగర్, కిడ్నీ ఏమైనా ఉందా?” అని అడగండి. పూత మందు, కాపడం, పారాసిటమాల్ ముందు చెప్పండి. పారాసిటమాల్ కూడా రోజుకి 4 గ్రాములు దాటకూడదు, మద్యం తాగేవాళ్ళకీ లివర్ జబ్బు ఉన్నవాళ్ళకీ ఇంకా తగ్గించాలి.

జలుబుకి “ఆ మూడు బిళ్ళల యాంటీబయాటిక్” అడిగేవాళ్ళకి స్ట్రిప్పు మీది ఎర్ర గీత చూపించండి. చీటీ లేకుండా అమ్మకూడని మందు అన్న గుర్తు అది. ఉత్త చేతులతో పంపిస్తే పక్క షాపుకి వెళ్తారు. కాబట్టి ఉప్పునీటి పుక్కిలింత, ఆవిరి, జ్వరం బిళ్ళ చెప్పి “మూడు రోజుల్లో తగ్గకపోయినా, ఆయాసం వచ్చినా డాక్టర్ దగ్గరికి వెళ్ళండి” అని గడువు పెట్టి పంపండి. గడువు చెప్తే మనిషికి ధైర్యంగా ఉంటుంది.

8. మాటలు ఆపి పంపించాల్సినప్పుడు

మూతి వంకర పోవడం, ఒక చెయ్యి లేవకపోవడం, మాట ముద్దగా రావడం. ఛాతీలో బరువు, చెమట, ఎడమ చేతికి లాగడం – ఇలాంటి మనిషికి గ్యాస్ బిళ్ళ ఇవ్వకండి, 108కి ఫోన్ చేయండి. పక్షవాతంలో గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి నాలుగున్నర గంటలే గడువు. బీపీ 180/120 దాటి తలనొప్పి, చూపు మసక, ఆయాసం ఉన్నా అంతే. ఆ లక్షణాలు లేకపోతే ఐదు నిమిషాలు కూర్చోబెట్టి మళ్ళీ చూసి, తగ్గకపోతే ఆ రోజే డాక్టర్ దగ్గరికి పంపండి.

ఒకే మనిషి దగ్గు మందుకి మూడోసారి వచ్చాడంటే అది ముందు తెలిసేది మనకే. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే టీబీ పరీక్ష చేయించుకోవాలి. పరీక్షా, మందులూ ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. చికిత్స సాగినన్నాళ్ళూ తిండికి నెలకి వెయ్యి రూపాయలు కూడా ఇస్తారు. ఈ చివరి మాట విన్నాక వెళ్ళేవాళ్ళు ఉన్నారు.

9. అందరి ముందూ అడగకూడనివి

నిద్ర బిళ్ళ చీటీ లేకుండా అడిగిన మనిషికి లేదని చెప్పి ఊరుకోవద్దు. పక్కకి పిలిచి “నిద్ర పట్టక ఎన్నాళ్ళైంది? మనసులో ఏమైనా బాధ ఉందా?” అని అడగండి. మనసు బాగోలేనివాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే ఉచిత ఫోన్ సేవ టెలి మానస్, దాని నంబరు 14416. రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. చనిపోవాలనిపిస్తోందన్న మాట వస్తే ఒంటరిగా పంపకండి. ఇంటివాళ్ళు వచ్చేదాకా కుర్చీలో కూర్చోబెట్టండి.

అత్యవసర గర్భనిరోధక బిళ్ళకి వచ్చిన అమ్మాయిని ఎవరికి, ఎందుకు అని ఆరా తీయకండి. “72 గంటల లోపు ఎంత తొందరగా వేసుకుంటే అంత మంచిది. వేసుకున్న కాసేపట్లోనే వాంతి అయితే మళ్ళీ నన్ను అడుగు. నెలసరి వారం దాటి ఆలస్యమైతే పరీక్ష చేసుకో” అంటే చాలు. గొంతు తగ్గించి, మొహంలో ఏ తీర్పూ లేకుండా.

10. రాసిపెట్టుకోండి, వచ్చే నెల అడగండి

నోటు పుస్తకంలో మనిషికి ఒక వరుస. తేదీ, ఏం మాట్లాడారు, వాళ్ళు ఏం చేస్తామన్నారు. “బాబాయ్ – టీపొడి డబ్బా.” “పిన్ని – నోటి పుండు, డాక్టర్‌కి చూపించాలి.” అంతే. పుస్తకం సొరుగులో ఉండాలి, కౌంటర్ మీద కాదు. షాపులో సాయంగా ఉండే కుర్రాళ్ళకి సలహాలు చెప్పే పని అప్పగించకండి. మూడోసారి దగ్గు మందు, రోజూ నొప్పి బిళ్ళ, ఆలస్యంగా వచ్చిన బీపీ బిళ్ళ – ఈ మూడు కనిపిస్తే మిమ్మల్ని పిలవమని మాత్రం నేర్పించండి.

వచ్చే నెల ఆ మనిషి వచ్చినప్పుడు చీటీ తీసుకునే ముందే ఆ వరుస చూసి అడగండి. చేయలేదంటే “పర్లేదు, ఎక్కడ కుదరలేదు?” అని మళ్ళీ ఒక నిమిషం. చేశానంటే ఆ మాట పెద్దగా మెచ్చుకుని, ఆ నెలకి కొత్తదేమీ చెప్పకుండా పంపించండి.